మోచెయ్యి

ఇసకపల్లి ఉప్పుకొటార్లకు పోయే దారిలో
చెంగమ్మక్క టీ బంకు గోడ మీద
అన్నం మెతుకులతో అంటించిన పేపరు ముక్క.

మధ్యలో ఇషాని. నోరు తెరిచి అరస్తా,
చెయ్యి ఆకాశానికి.
కుడిపక్క అంచులో, కత్తెర మింగంగా మిగిలిన
ఒక మోచెయ్యి.

"అది మా పెంచలిది" అంటాది చెంగమ్మక్క
టీకి ఆగిన లారీ డ్రైవర్లతో.
"మోచెయ్యి చూసి ఎట్ట గుర్తుపట్టినావక్కా?"
"ఆ మచ్చ చూడు. ఉప్పుతట్ట అంచు తెగింది.
పదేళ్ల పిల్లప్పుడు. కట్టు కట్టింది నేనే గదా."

నాకు ఈత నేర్పింది బకింగ్‌హామ్ కాలవ.
బురద నోట్లోకి పోతే ఉమ్మడం,
పడవ తాడు అందితే వదలకపోవడం,
అంతే కోచింగు.
మొదటిసారి పూల్లో దూకినప్పుడు
అడుగు కనపడింది. భయమేసింది.
అడుగు కనపడని నీళ్లనే గదా అప్పటిదాకా నమ్మింది.

నలుగురం. నాలుగు ఊర్లు, నాలుగు భాషలు,
ఛాతీ మీద ఒకే దేశం పేరు.
ముందు జోరంపుయి. మాట్లాడదు, దూకుతాది.
తర్వాత రుజుత. బ్లాకుకు దండం పెట్టి, దాన్నే తిడతాది.
మూడో ల్యాపు నాది.
నేను దూకేసరికి ఐదో చోటులో ఉండాం.
మలుపు దగ్గర గోడను తన్నినప్పుడు
తట్ట నెత్తినబెట్టుకుని గట్టెక్కే మా అమ్మ గుర్తొచ్చిందని చెబితే
బాగుంటాది.
నిజానికి ఏమీ గుర్తురాలేదు.
ఊపిరి. ఊపిరి. అడుగున నల్లగీత. ఊపిరి.
గోడ తాకి తల ఎత్తితే
నా మీదనుంచి ఇషాని ఎగిరిపోతా ఉండాది.
మూడో చోటు చేతికిచ్చినాం. ఆమె దాన్ని రెండు చేసింది.
వెండి.
మైకులో ఆ తర్వాత ఒకటే పేరు.

ఆమె మీద నాకు కోపం లేదు.
పోటీకి ముందు బాత్రూములో వాంతి చేసుకుంటా
పట్టుకునేది నా చెయ్యే.
ఆ వేగం ఆమెదే, ఎవురూ ఇచ్చింది కాదు.
ముందుపోయేవాళ్లను ఆమెకు అందేంత దగ్గరికి
లాక్కొచ్చింది మాత్రం మేం ముగ్గురం.

కాటయ్య తాత వల బాగుచేస్తా అన్నాడు:
"బెండు తేలతాది గాబట్టే వల యాడుండాదో తెలిసేది.
తేలమనే గదా కట్టింది, దాని తప్పేముండాది?
అడుగున గుండ్లు లేకుంటే మాత్రం
చేపలు కిందనుంచి నవ్వుకుంటా పోతాయి."

బెంచీ మీదోళ్లందరూ తలలూపినారు.
మోచేతికి టీ డబ్బులు తీసుకోలేదు చెంగమ్మక్క.
నాకే, గ్లాసు ఇంకా వేడిగా ఉండంగానే,
మౌపియా గుర్తొచ్చింది.

ఇషానికి రెస్టు ఇయ్యాలని
పొద్దున హీట్స్‌లో నాలుగో ల్యాపు ఈదింది మౌపియా.
గోరంత తేడాతో ఎనిమిదో చోటు.
ఆ గోరు లేకుంటే సాయంత్రం
మేం నిలబడేదానికి బ్లాకే లేదు.
ఫైనల్ అప్పుడు మా నలుగురి టవళ్లు ఒళ్లో పెట్టుకుని
గేలరీలో కూర్చుంది.
అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని
రాత్రి అన్నం దగ్గర
సైగతో ఉప్పు అడిగింది.

ఆమెకు మోచెయ్యి కూడా దక్కలేదు.
ఏ ఊరి టీ బంకులో
ఏ మచ్చ చూసి
ఎవురు మాదంటారు?

బాకీల పుస్తకంలో పెన్ను తీసుకుని,
పేపరు అంచు దాటి, గోడ మీదనే,
నా మోచేతికి జానెడు దూరంలో
ఒక చుక్క పెట్టినా.
"అదేంది?"
"మౌపియా."
"ఎవురూ?"
చెప్పినా. పాలు పొంగతా ఉన్నా దించకుండా విన్నది.

రెండు నెలలకు మళ్లీ ఊరికొస్తే
బంకు గోడకు కొత్త సున్నం.
పేపరు ముక్క చుట్టూ కుంచె జాగ్రత్తగా తిరిగింది.
దానికి జానెడు అవతల
రూపాయి బిళ్లంత పాత గోడ,
నడిమధ్య చుక్కతో,
అట్నే వదిలేసి ఉండాది.